ముక్కు చెప్పిన మాట: ఫార్మలిన్ గుణాలు, ప్రమాదాలు
(అమలాపురంలో చేసిన స్మారక ఉపన్యాసానికి అచ్చు ప్రతి)



స్మారక ఉపన్యాసాలు మామూలుగా ప్రిన్సిపాళ్ళ పేరునో, స్థలం ఇచ్చిన దాతల పేరునో ఉంటాయి. కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరుగా పనిచేసిన మనిషి కోసం పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకుని నిధి పెట్టడం నేనింతకు ముందు ఎక్కడా చూడలేదు. ఆయన పేరు మీ చేతుల్లో ఉన్న ఆహ్వానపత్రికలో ఉంది. నాకు మాత్రం బాబాయ్ అనే నోరు తిరుగుతుంది. ఆ కాలేజీలో చదివిన వాళ్ళందరికీ ఆయన బాబాయే.

ముందు ఆయన చేతుల గురించి చెప్పాలి. అరచేతి చర్మం దళసరిగా, రంగు మారి ఉండేది. వేళ్ళ కొసలు నిలువుగా పగిలి, గోళ్ళ చుట్టూ పొరలు లేచేవి. చలికాలంలో అందరికీ పగుళ్ళు వస్తాయి. ఆయనకు వేసవిలో కూడా మానేవి కావు. ప్రాక్టికల్స్‌కి ముందు రోజు పెద్ద జాడీలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి కప్పల్ని తీసి, కుళాయి కింద కడిగి, ట్రేలలో సర్దేవారు. మేము కళ్ళ నీళ్ళు కారుతూ వరండాలోకి పరుగెత్తితే నవ్వి, "రెండ్రోజులు పోతే అలవాటైపోద్ది బాబూ" అనేవారు. మమ్మల్ని ఓదార్చడానికే అనేవారు. రసాయనశాస్త్రం చెప్పుకుని బతికినవాణ్ణి కనక, ఆ మాట ఎంత ప్రమాదమో చెప్పాల్సిన బాధ్యత నాకుంది. ఈ రోజు నా మాటలన్నీ ఆ జాడీలో ఉన్న ద్రవం గురించే.

అది ఫార్మలిన్. అసలు పదార్థం ఫార్మాల్డిహైడ్ అనే వాయువు. ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్, అంతే. ఆల్డిహైడ్లలో ఇంతకంటే చిన్నది లేదు. రంగు లేదు, అణుభారం 30, అంటే గాలికి దాదాపు సమానం. సున్నాకి 19 డిగ్రీలు దిగువనే మరిగిపోతుంది కనక మన వాతావరణంలో వాయువుగా తప్ప ఉండదు. నీళ్ళంటే మాత్రం ప్రాణం పెడుతుంది. బరువులో 37 శాతం దాకా నీళ్ళలో కరిగించి, 10 నుంచి 15 శాతం మిథనాల్ కలిపి అమ్మేదే ఫార్మలిన్. ల్యాబుల్లో "పది శాతం ఫార్మలిన్" అంటే ఈ ద్రవం ఒక పాలు, నీళ్ళు తొమ్మిది పాళ్ళు. అందులో అసలు ఫార్మాల్డిహైడ్ నాలుగు శాతం లోపే. ఈ లెక్క పరీక్షల్లో చాలామంది తప్పు రాస్తారు. కాగితం మీద తప్పు రాస్తే మార్కులు పోతాయి, బకెట్టు దగ్గర తప్పు చేస్తే కళ్ళు పోతాయి.

1859లో రష్యన్ రసాయనవేత్త బట్లెరోవ్ దీన్ని మొదట గమనించాడు. 1860లు ముగిసేలోపు జర్మన్ శాస్త్రవేత్త హాఫ్‌మన్, మిథనాల్ ఆవిరిని వేడి ప్లాటినం మీదుగా పంపి, ఇదేమిటో తేల్చాడు. జంతుశాస్త్రం ల్యాబులోకి దీన్ని తెచ్చింది ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు ఫెర్డినాండ్ బ్లూమ్. 1893లో ఆయన దీన్ని క్రిమిసంహారకంగా పరీక్షిస్తున్నాడు. నాలుగు శాతం ద్రావణంతో పని చేస్తూ చేస్తూ ఉండగా తన వేళ్ళ మీది చర్మం గట్టిపడటం చూశాడు. ఆల్కహాల్లో ఉంచిన కండలాగా తన వేలు బిరుసెక్కింది. అయితే చచ్చిన జంతువు కండ కూడా ఇలాగే గట్టిపడి నిలుస్తుందన్నమాట అనుకున్నాడు. ప్రపంచంలో ఫార్మలిన్ వాడే ప్రతి మ్యూజియం జాడీ, ప్రతి బయాప్సీ గాజు పలక ఆ వేలి నుంచే వచ్చాయి. దీని మేలూ కీడూ ఒకే క్షణంలో, ఒకే వేలి మీద కనబడ్డాయి. మేలును మటుకే మనం పాఠ్యపుస్తకంలోకి తీసుకున్నాం.

ఆ వేలికి జరిగిందేమిటి? మన ఒంట్లో ప్రోటీన్లు పొడవాటి గొలుసులు. వాటికి అక్కడక్కడ అమైనో గుంపులు పక్కకి చేతులు చాచుకుని ఉంటాయి. ఫార్మాల్డిహైడ్ వెళ్ళి ఒక గొలుసు చేతిని పట్టుకుంటుంది, తర్వాత పక్క గొలుసు చేతిని కూడా పట్టుకుని, రెంటి మధ్య ఒక కార్బన్ వంతెన వేస్తుంది. ఇలాంటి వంతెనలు వేలకు వేలు పడితే కదిలే ప్రోటీన్ బిగుసుకుపోతుంది. ఎంజైములు పనిచెయ్యవు, బాక్టీరియా తినలేదు, కుళ్ళదు. కప్ప జాడీలో ఏళ్ళ తరబడి అలాగే ఉండటానికి కారణం ఇదే. అది కప్ప ప్రోటీనా, బాబాయ్ వేలి ప్రోటీనా, పై అంతస్తులో కూర్చున్న లెక్చరరు ముక్కులోని పొరా అని ఈ అణువు చూడదు. డీఎన్ఏకి, ప్రోటీన్‌కి మధ్య కూడా ఇలాంటి ముడులే వేస్తుంది. క్యాన్సర్ సంగతి అక్కడ మొదలవుతుంది.

విచిత్రమేమిటంటే ఇది మనకి పూర్తిగా పరాయిది కాదు. మన జీవక్రియలోనే కొద్దికొద్దిగా పుడుతుంది. లీటరు రక్తంలో రెండు మూడు మిల్లీగ్రాముల మేర ఎప్పుడూ ఉంటుంది. ఒక ఎంజైము దాన్ని నిమిషాల్లో ఫార్మిక్ ఆమ్లంగా మార్చి సాగనంపుతుంది. శరీరానికి దీన్ని సంబాళించే దారి ఉంది. ఆ దారి ఇరుకైనది. బయటి నుంచి ఎక్కువ వచ్చి పడితే తట్టుకోలేదు. 30 మిల్లీలీటర్ల ఫార్మలిన్, అంటే చిన్న మందు గ్లాసుడు, పెద్ద మనిషి ప్రాణం తీసిన దాఖలాలున్నాయి. నోరు, అన్నవాహిక, కడుపు కాలిపోతాయి. ఫార్మిక్ ఆమ్లం పేరుకుని రక్తం ఆమ్లమవుతుంది, దానికి తోడు అందులోని మిథనాల్ తన పని తాను చేస్తుంది. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు. పోయేటప్పుడు కాల్చింది, వచ్చేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, సీసా కూడా వెంట తీసుకెళ్ళాలి.

సీసా అన్నాను కనక ఒక మాట. పెద్ద క్యానులోంచి మంచినీళ్ళ సీసాల్లోకీ, కూల్‌డ్రింకు సీసాల్లోకీ ఫార్మలిన్ పోసుకుని వాడటం మన ల్యాబుల్లో, హేచరీల్లో కళ్ళారా చూశాను. నీళ్ళలాగే ఉంటుంది. మే నెలలో, కరెంటు పోయి గొంతెండిపోయి వచ్చిన కుర్రాడు మూత తీసి ఎత్తేస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఈ ఒక్క అలవాటు ఈ రోజు నుంచే ఆపాలి. దీనికి నిధులూ అక్కర్లేదు, పై నుంచి ఉత్తర్వులూ అక్కర్లేదు.

ఇప్పుడు వాసన సంగతికి వస్తాను. కోనసీమ వాళ్ళకి వాసన విలువ వేరే చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు నుంచి లీకైన వాయువు నిప్పంటుకుని ఇరవై మందికి పైగా పోయారు. మీథేన్‌కి దానంతట దానికి వాసన ఉండదు. వంటింటి సిలిండరులో కలిపే ఘాటు వాసనలాంటిది ఆ పైపులో పోయే వాయువులో లేదు. వాసన ఉంటే ఊరు ముందే మేలుకునేదేమో అని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ అనుకుంటూ ఉంటారు. ఫార్మలిన్ అలా కాదు. కళ్ళు మండించి, ముక్కు పొడిచి, గొంతు పట్టి చెబుతుంది. ప్రకృతి ఉచితంగా ఇచ్చిన ఆ హెచ్చరిక నోరు అలవాటు పేరుతో మనమే మూయిస్తున్నాం.

లెక్కలు చూడండి. ఇంట్లోనైనా గదిలోనైనా అరగంట సేపటి గాలిలో ఫార్మాల్డిహైడ్ ఘనపు మీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పది లక్షల పాళ్ళ గాలిలో 0.08 పాలు అన్నమాట. అమెరికాలో కార్మికులకి ఎనిమిది గంటల సగటు పరిమితి 0.75 పాళ్ళు, పదిహేను నిమిషాలకి 2 పాళ్ళు. 20 పాళ్ళు దాటితే ప్రాణాపాయం కింద లెక్క. మరి మనిషి ముక్కుకి ఇది తెలిసేదెప్పుడు? చాలామందికి 0.5 నుంచి 1 పాలు మధ్యలో. అంటే వాసన వచ్చిందంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత అప్పటికే దాటిపోయింది, కార్మికుల గీత దగ్గర నిలబడి ఉన్నాం. "కొంచెం వాసన వస్తోంది, పర్లేదులెండి" అనే మాటకి అసలు చోటే లేదు.

విద్యార్థులు ఈ లెక్క కూడా చేసి చూడండి. పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తున్న ల్యాబు తీసుకుందాం. 320 ఘనపు మీటర్లు. తలుపులు, కిటికీలు బిడాయించి ఉన్నాయనుకుందాం. ఆ గాలి మొత్తాన్ని 0.1 మిల్లీగ్రాము గీతకి చేర్చడానికి 32 మిల్లీగ్రాముల ఫార్మాల్డిహైడ్ చాలు. ఒక మిల్లీలీటరు ఫార్మలిన్‌లో 400 మిల్లీగ్రాములుంటుంది. అంటే పూర్తిగా ఆవిరైతే రెండు చుక్కలు సరిపోతాయి. నిజానికి మొత్తం ఆవిరి కాదు, గాలీ మారుతూ ఉంటుంది. కానీ మన ల్యాబులో మూతలేని ట్రేలు వరసగా పెడతాం. రెండు చుక్కలకే ఇంత కథ ఉంటే ట్రేల సంగతి మీరే ఊహించుకోవచ్చు.

మొదటి రోజు ఏడిపించిన వాసన పదో రోజుకి ఎందుకు తెలియదు? వాసన పట్టే నాడులు అదే సంకేతాన్ని మళ్ళీ మళ్ళీ పంపి అలసిపోతాయి. గాలిలో విషం తగ్గలేదు, చెప్పేవాడు చెప్పడం మానేశాడు. బాబాయ్ "అలవాటైపోద్ది" అన్నది నిజమే, అలవాటయ్యింది ముక్కుకి. ఊపిరితిత్తులకీ, చర్మానికీ కాలేదు. కొందరిలో పూర్తిగా ఎదురు తిరుగుతుంది. శరీరం దీన్ని శత్రువుగా గుర్తు పెట్టుకున్నాక, అంతకు ముందు పట్టించుకోని పిసరంత మోతాదుకే చర్మం ఎర్రబడి నీరు కారుతుంది, ఉబ్బసం వచ్చినట్టు పిల్లికూతలు వస్తాయి. అలాంటి వాళ్ళకి ఆ గదిలో మళ్ళీ పని పెట్టకూడదు. "నీకొక్కడికేనా" అని వెక్కిరించకూడదు.

క్యాన్సర్ గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. 1980లో ఎలుకల మీద జరిగిన అధ్యయనంలో ఎక్కువ మోతాదు పీల్చిన వాటికి ముక్కులో క్యాన్సర్ గడ్డలు వచ్చాయి. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు వెనక, గొంతు పైభాగాన వచ్చే క్యాన్సర్‌కి ఆధారం సరిపోతుందని తేల్చింది. ఆ తర్వాత 2009లో రక్తక్యాన్సర్‌ని కూడా చేర్చింది. శవాలకి లేపనం చేసే వృత్తిలో ఉన్న అమెరికన్ల మీద అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థ చేసిన అధ్యయనంలో, ఎన్ని ఎక్కువ ఏళ్ళు ఆ పని చేస్తే ఒక రకం రక్తక్యాన్సర్ మరణాలు అంత పెరిగాయి. ఏడాదిలో నాలుగు ప్రాక్టికల్స్ చేసిన విద్యార్థి భయపడి నిద్ర మానుకోవాల్సిన పని లేదు. ముప్పై ఏళ్ళు అదే గదిలో ఉన్న మనిషి గురించే నా దిగులు. ప్రమాదం మోతాదుని బట్టి, కాలాన్ని బట్టి పెరుగుతుంది. ఆ కాలం ఎవరి పాలిట పడుతోందో చూడండి. ప్రొఫెసరు గంటసేపు ఉంటాడు, విద్యార్థి మూడేళ్ళు ఉంటాడు, అటెండరు జీవితమంతా ఉంటాడు. జీతం మాత్రం ఈ వరసకి తలకిందులుగా ఉంటుంది.

కెమిస్ట్రీ వాళ్ళు గుర్తుంచుకోవాల్సినవి మరికొన్ని ఉన్నాయి. ఫార్మలిన్‌ని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పక్కన పెట్టకూడదు. ఆ రెండింటి ఆవిర్లూ కలిస్తే బిస్ క్లోరోమిథైల్ ఈథర్ అనే పదార్థం పుట్టవచ్చు. అది ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పేరుమోసిన కారణం. అక్షరక్రమంలో సీసాలు సర్దే ల్యాబుల్లో ఫార్మాల్డిహైడ్‌కి దగ్గర్లోనే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వస్తుంది. అందుకని సర్దడం అక్షరాలని బట్టి కాకుండా గుణాన్ని బట్టి ఉండాలి. ఆపరేషన్ థియేటర్లలో, కోళ్ళ హేచరీల్లో పొగబెట్టడానికి పొటాషియం పర్మాంగనేట్ మీద ఫార్మలిన్ పోసే పాత పద్ధతి ఒకటుంది. ఒక్కసారిగా కుతకుత ఉడికి, వేడెక్కి, మంట కూడా అంటుకోవచ్చు. పోసినవాడు తలుపు దాటేలోపే గది నిండిపోతుంది. ఇంత మొరటు పద్ధతిని ఇంకా వాడనక్కర్లేదు.

ఆ మిథనాల్ ఎందుకు కలుపుతారో కూడా చెప్పాలి. ఫార్మాల్డిహైడ్ అణువులు ఒంటరిగా ఉండలేవు, ఒకదానికొకటి గొలుసుకట్టుకుంటాయి. మిథనాల్ ఆ పనిని ఆపుతుంది. చలికాలంలో గానీ, ఏళ్ళ తరబడి కదలకుండా పడి ఉంటే గానీ సీసా అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తుంది. అదే పారాఫార్మాల్డిహైడ్. మడ్డి పడిన సీసా పైన కనబడే ద్రవం ఎంత గాఢంగా ఉందో చెప్పలేం. ఇదే గొలుసుకట్టే గుణం ఇంకో పదార్థంలో ఎంత ఘోరం చేసిందో 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో చూశాం. ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులో స్టైరీన్ తనలో తాను గొలుసులు కట్టుకుంటూ వేడెక్కి, ఆవిరై ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. స్టైరీన్‌లో కూడా గొలుసుని ఆపే పదార్థం కలుపుతారు, అది తగ్గిపోకుండా, వేడి పెరగకుండా చూసుకోవాలి. ఫార్మలిన్ అలా వేడెక్కి ఊరి మీద పడదు, పోలిక అక్కడితో ఆగిపోతుంది. కానీ రెంటిలోనూ పాఠం ఒకటే. సీసానైనా ట్యాంకునైనా రోజూ వెళ్ళి చూసేవాడు ఉండాలి, చూసింది రాసే పుస్తకం ఉండాలి.

ల్యాబు గోడ దాటి బయటికొద్దాం. కోనసీమలో ఇప్పుడు ఫార్మలిన్ ఎక్కువగా ఉన్నది కాలేజీల్లో కాదు, రొయ్యల చెరువుల దగ్గర, హేచరీల దగ్గర. బూజు, పరాన్నజీవులు పట్టినప్పుడు దీన్ని వాడటం ప్రపంచమంతా ఉన్న పద్ధతే. అమెరికాలో కూడా చేపలకీ, రొయ్యలకీ నిర్ణీత మోతాదులో అనుమతి ఉంది. ఇబ్బంది కొలతలోనే. ఇంచుమించు లీటరుకి 5 మిల్లీగ్రాముల ఫార్మలిన్ వేస్తే, నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ 1 మిల్లీగ్రాము పోతుందని ఆక్వా శాస్త్రం చెబుతుంది. 25 వేస్తే 5 పోవాలి. తెల్లవారుజామున చెరువులో ఉండేదే మూడో నాలుగో. పైగా ఆక్సిజన్ తయారుచేసే నాచుని కూడా ఇది చంపేస్తుంది. సాయంత్రం మందు వేసి, ఏరేటర్లు ఆపి, డీజిలు మిగిలిందనుకున్న రైతుకి పొద్దున్నే రొయ్య గట్టుకి చేరి తేలుతుంది. సీడు బాగోలేదని తిట్టుకుంటాడు. గాలికి ఎదురుగా నిలబడి క్యాను వంచిన కూలీ కళ్ళ గురించి ఆ లెక్కల్లో ఎక్కడా రాయరు.

కోనసీమ రైతుకి విషం గురించి తెలియదని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోను. నల్లిపట్టిన కొబ్బరిచెట్టుకి వేరు ద్వారా మోనోక్రోటోఫాస్ ఎక్కించే రోజుల్లో, ఆ తర్వాత 45 రోజుల దాకా కాయ దించకూడదని తోటల్లో తెలిసినవాళ్ళుండేవారు. అంబాజీపేట పరిశోధన కేంద్రం లాంటివి ఊళ్ళలోకి వచ్చి, తెలుగులో, చెట్టు మొదట్లో నిలబడి చెప్పబట్టి తెలిసింది. ఫార్మలిన్ గురించి చెరువు గట్టు మీద అలా చెప్పినవాళ్ళు తక్కువ.

తర్వాత చేపల సంగతి. 2018 జూన్‌లో కేరళ అధికారులు చెక్‌పోస్టుల దగ్గర చేపల లారీలు ఆపి ఫార్మలిన్ పట్టుకున్నారు. జులైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర నుంచి వచ్చిన చేపల్లో ఫార్మలిన్ దొరికిందని పది రోజులు బయటి చేపల్ని ఆపేసింది. గోవా కూడా కొన్నాళ్ళు ఆపింది. బొచ్చె, శీలావతి పెంచే మన రైతులు చెయ్యని తప్పుకి నష్టపోయారని ఒక వాదన, అంతా నిజమేనని ఇంకో వాదన. శాస్త్రం చెప్పేది మధ్యలో ఉంది. చచ్చిన చేపలో, ముఖ్యంగా కొన్ని సముద్రపు జాతుల్లో, ఫార్మాల్డిహైడ్ సహజంగానే పుడుతుంది. బాంబే డక్ అనే చేపలో అది చాలా ఎక్కువ. అందుకే 2019లో దేశపు ఆహార భద్రతా ప్రాధికార సంస్థ సహజంగా ఉండగలిగే హద్దులు పెట్టింది. మంచినీటి చేపకి కిలోకి 4 మిల్లీగ్రాములు, అలాంటి ప్రత్యేక సముద్రపు జాతులకి 100 దాకా. బయటి నుంచి చుక్క కలిపినా నేరమే. ఒక్క హద్దుతో అన్ని చేపల్నీ కొలిస్తే నిర్దోషి ఇరుక్కుంటాడు, దోషి తప్పించుకుంటాడు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రంగు మారే కాగితపు పట్టీలు తయారుచేసింది. అలాంటివి మన చేపల మార్కెట్లలో అందుబాటులో ఉంటే రైతు పరువు కూడా నిలబడుతుంది. "ఈగ వాలకపోతే ఫార్మలిన్" అనే లోకజ్ఞానాన్ని నమ్ముకోవద్దు. మొప్పలు, కళ్ళు, ఐసు, తెలిసిన అమ్మకందారు, వీటినే ముందు చూడండి. నిలవకి మంచుగడ్డ ఉండగా ఇంకోటి అక్కర్లేదు.

ఆహారంలో దీన్ని కలపడం కొత్త దుర్మార్గమేమీ కాదు. వందేళ్ళకి పైగా క్రితం అమెరికాలో పాలు విరక్కుండా ఇదే కలిపేవారు. హార్వే వైలీ అనే ప్రభుత్వ రసాయనవేత్త 1902 నుంచి కొందరు యువకులకి ఇలాంటి నిలవ రసాయనాలు కలిపిన తిండి పెట్టి, ఏమవుతుందో రాశాడు. ఆ గొడవంతా కలిసి 1906 నాటి ఆహార చట్టానికి దారితీసింది. మన దగ్గర ఆహార తనిఖీ అధికారి ల్యాబుకి పంపే పాల నమూనాలో ఫార్మలిన్ కలపడం మామూలే, ఎందుకంటే ఆ పాలు ఎవరూ తాగరు. పిల్లలకి చెప్పాల్సిన తేడా ఇదే.

ఇళ్ళలో కూడా ఉందండి. కోనసీమలో కాలువలకి తోడు దోమలు. చీకటి పడగానే దోమల చుట్ట వెలిగిస్తాం. 2003లో అచ్చయిన ఒక అధ్యయనం, ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వెలువడే ఫార్మాల్డిహైడ్ 51 సిగరెట్లకి సమానం దాకా ఉండవచ్చని చెప్పింది. తలుపులు బిడాయించి, పసిపిల్ల మంచం కింద అది పెట్టి పడుకోబెడతాం. దోమతెర మన తాతల కాలం నుంచీ ఉన్నదే. ఈ విషయంలో నాకు వేరే అభిప్రాయం లేదు, దోమతెర కట్టండి.

మళ్ళీ ల్యాబుకి వస్తాను, ఇక్కడ ఒక్క విషయం మిగిలిపోయింది. వాడేసిన ఫార్మలిన్ ఎక్కడికి పోతోంది? సింకులోకి. సింకు నుంచి సెప్టిక్ ట్యాంకుకో, మురుగుకాలవకో. గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్న ఈ లంకగడ్డ మీద నాలుగు పారలు తవ్వితే నీళ్ళు పడతాయి. మనం పారబోసింది మన కాళ్ళ కిందే ఉంటుంది, పక్క ఊరి బోదెలో ఉంటుంది. ఊరట కలిగించేది ఒకటుంది. పలచగా ఉంటే బాక్టీరియా దీన్ని కొద్ది రోజుల్లో తినేస్తుంది, గాలిలో ఎండకి గంటల్లో విరిగిపోతుంది. 2011లో సుప్రీంకోర్టు ఆపించిన ఎండోసల్ఫాన్‌లాగా ఏళ్ళ తరబడి మట్టిలో కూర్చోదు. గాఢంగా ఒక్కసారే గుమ్మరిస్తే మాత్రం దాన్ని తినాల్సిన బాక్టీరియానే ముందు చచ్చిపోతుంది, సెప్టిక్ ట్యాంకు పనిచెయ్యడం మానేస్తుంది. మూత బిగించిన క్యానులో పోగుచేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్ళే వాళ్ళకి అప్పగించడం ఒక్కటే సరైన దారి. ఒక్కో కాలేజీకి ఇది భారం. అమలాపురం, రాజోలు, కొత్తపేట కాలేజీలు కలిసి ఏడాదికోసారి ఒకే బండికి అప్పగిస్తే భారం కాదు.

ఆ జాడీలన్నీ ఇంకా అవసరమా అని కూడా అడగాలి. 2014 ఆగస్టులో యూజీసీ జువాలజీ డిగ్రీ, పీజీల్లో జంతువుల్ని కొయ్యడం ఆపేయమంది. కొత్త కప్పలు రావడం లేదు. పాత జాడీలు మాత్రం మూతలు తుప్పుపట్టి, మైనం పగిలి, బీరువాల్లో ఆవిరి వదులుతూనే ఉన్నాయి. పాతబడిన ఫార్మలిన్ గాలి తగిలి ఫార్మిక్ ఆమ్లంగా మారి పులుస్తుంది. నత్తగుల్ల మెత్తబడుతుంది, చిన్న చేప ముల్లు కరిగిపోతుంది. అడుగున సుద్దముక్కలు వేసే పాత అలవాటుకి కారణం అదే. ఈ జాడీల్లో మంచి నమూనాలున్నాయి, ఈ గోదావరి పాయల్లో ఇప్పుడు అరుదైపోయిన చేపలు కూడా ఉండొచ్చు. వాటిని పారెయ్యమని నేను అనను. నీళ్ళలో నానబెట్టి, ఫార్మలిన్ వదలగొట్టి, 70 శాతం ఆల్కహాల్లోకి మార్చితే నిలుస్తాయి. ఆల్కహాల్‌కి నిప్పు భయం ఉంది, దానికి తగ్గ జాగ్రత్త వేరే ఉంది. వైద్య కళాశాలల్లో శవపరిచ్ఛేదం తప్పదు. అక్కడ ఆవిరిని కిందికి లాగేసే బల్లలు, ఆస్ట్రియాలో టీల్ అనే ఆయన 1992లో ప్రకటించిన, ఫార్మలిన్ చాలా తక్కువ వాడే పద్ధతి లాంటివి ఉన్నాయి.

నిధి కమిటీ వారికి నా విన్నపాలు ఇవి. సింకు పక్కన తెలుగులో ఒక అట్ట పెట్టించండి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పదిహేను నిమిషాలు ధారగా కడగాలి, ఒంటి మీద పడితే బట్టలు విప్పేసి కడగాలి, మింగితే వాంతి చేయించకూడదు, ఆమ్లాల బీరువాలో పెట్టకూడదు, నీళ్ళ సీసాలో పొయ్యకూడదు. కిటికీ ఎత్తున కాకుండా బల్ల ఎత్తున ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించండి, ఆవిరి ముఖం మీదుగా పైకి పోకుండా. ల్యాబు అటెండర్లందరికీ, పర్మనెంటైనా కాంట్రాక్టైనా, ఏడాదికోసారి చర్మం, ఊపిరి పరీక్ష చేయించండి, చీటీ వాళ్ళ చేతికే ఇప్పించండి. ఇక నాకు కప్పబోయే శాలువా, ఇవ్వబోయే జ్ఞాపిక, ప్రయాణ ఖర్చులు, వీటికి కేటాయించిన సొమ్ము ఈ ఏడాది వద్దు. దానితో నైట్రైల్ గ్లౌజులు కొనండి. పలచటి రబ్బరు తొడుగులు దీనికి సరిగా ఆగవు, నైట్రైలే కావాలి. మోచేతి దాకా వచ్చేవి తీసుకోండి, జాడీలు లోతుగా ఉంటాయి. ముందు అటెండర్లకి ఇచ్చి, మిగిలితే విద్యార్థులకి ఇవ్వండి.